అప్‌డేట్: ముందు చక్రం వణుకు తగ్గింది, టైరు కారణం కాదు

ల్యాండింగ్ తర్వాత వేగం తగ్గేటప్పుడు మా సొంత తయారీ విమానపు ముందు చక్రం అటూ ఇటూ కొట్టుకుంటోందని, ప్యానెల్ అంతా అదురుతోందని ఇదివరకు అడిగాను. టైరు బ్యాలెన్స్ చేయమని చాలామంది, చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు తిరిగే చోట బిగువు కొలవమని ఒకరిద్దరు సూచించారు.

బ్యాలెన్స్ చేస్తే పెద్దగా మార్పు రాలేదు. గాలి కాస్త తగ్గిస్తే వణుకు తగ్గినట్టు కనిపించింది కానీ, నా దృష్టిలో అది లోపాన్ని కప్పిపుచ్చడమే.

తర్వాత తోకకు బరువు కట్టి ముక్కును పైకి లేపి, యాక్సిల్ దగ్గర స్ప్రింగ్ త్రాసు తగిలించి, ఫోర్కుకు లంబంగా మెల్లగా లాగాను. ప్లాన్ల ప్రకారం 22 పౌండ్లు, అంటే సుమారు 10 కిలోల బలానికి కదలాల్సిన ఫోర్కు దాదాపు 12 పౌండ్లకే కదిలిపోయింది. నట్టు వదులవకుండా ఆపే కాటర్ పిన్ తీసి నట్టు బిగిస్తే కొలత సరిపోయింది గానీ, కొద్దిపాటి ట్యాక్సీయింగ్‌కే (విమానాన్ని నేలపై నడిపితేనే) మళ్లీ పడిపోయింది. దాంతో మొత్తం విప్పి చూస్తే, స్ప్రింగులా నొక్కి ఫోర్కు బిగువును నిలిపే, గిన్నె ఆకారంలో ఉండాల్సిన బెల్‌విల్ వాషర్లలో ఒకటి పళ్లెంలా చదునైపోయి, స్ప్రింగ్ గుణం కోల్పోయి ఉంది. వాషర్లన్నీ మార్చాను. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగులో స్వల్పంగా వదులు తెలిసింది కాబట్టి దాన్నీ సరిచేశాను.

ఇప్పుడు ఏ వేగంలోనూ వణుకు లేదు. కొత్త వాషర్లు సర్దుకునేకొద్దీ బిగువు తగ్గవచ్చు కనుక, మొదటి కొన్ని ప్రయాణాల తర్వాత మళ్లీ కొలుస్తాను.