షాపిఫై థీముల్లో వీట్ పెట్టాలా, వద్దా? చిన్న షాపుల పని చేసేవాళ్ళు చెప్పండి

కాలవగట్టు
భీమవరంలో మాది చిన్న టీమండి. చుట్టుపక్కల వ్యాపారాలకి షాపిఫైలో (ఆన్‌లైన్ షాపులు నడిపే వేదిక) స్టోర్లు కట్టిస్తాం. ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజాలు, నర్సాపురం లేసు, ఈమధ్య ఉప్పాడ చీరలు కూడా. ఇన్నాళ్ళూ షాపిఫై వాళ్ళిచ్చే డాన్ థీము తీసుకుని, సీఎస్‌ఎస్ (రూపం), జేఎస్ (జావాస్క్రిప్టు) నేరుగా అసెట్స్ ఫోల్డర్లోనే రాసుకుని, షాపిఫై సీఎల్‌ఐతో (కమాండ్లతో నడిచే సాధనం) పుష్ చేస్తున్నాం. కొత్తగా చేరిన కుర్రాళ్ళేమో "ఇంకా ఇలాగేంటండీ, వీట్ పెడదాం, టైప్‌స్క్రిప్టు రాసుకుందాం" అని ఒకటే గొడవ. వీట్ అంటే విడివిడిగా రాసుకున్న సోర్సు ఫైళ్ళని బ్రౌజర్‌కి పంపే ఫైళ్ళుగా కట్టిపెట్టే సాధనం, ఆ కట్టడాన్నే బిల్డ్ అంటారు; టైప్‌స్క్రిప్టు అంటే తప్పులు ముందే పట్టిచ్చే జావాస్క్రిప్టు. షాపు వాళ్ళకి అప్పజెప్పాక ఏమవుద్దోనని నా బెంగ. వాడినవాళ్ళు, వాడి వదిలేసినవాళ్ళు చెప్పండి.

జేఎస్ బుల్లోడు
పెట్టేయండి మాస్టారూ. అసెట్స్‌లో సబ్‌ఫోల్డర్లు పెట్టనివ్వదు కదా, కార్టూ, మెనూ, సెర్చీ, ఐకాన్లూ, ఫాంట్లూ అన్నీ ఒకే కుప్ప. థీము కాస్త పెరిగిందంటే ఏ ఫైలు దేనిదో రాసినవాడికే తెలీదు. వీట్ ఉంటే సోర్సు ఫోల్డర్లుగా సర్దుకోవచ్చు, బిల్డ్ చేసింది మాత్రమే అసెట్స్‌లోకి పోద్ది. స్లైడర్ లైబ్రరీ కావాలంటే ఎక్కడినుంచో కాపీ చేసి అతికించక్కర్లేదు, ఎన్‌పీఎంలో (లైబ్రరీలు దొరికే చోటు) ఉంది.

కలపడం కూడా పెద్ద పనేం కాదు. షాపిఫై కోసం తయారైన వీట్ ప్లగిన్ ఒకటుంది. అది స్నిపెట్స్ ఫోల్డర్లో వీట్-ట్యాగ్ అని ఒక లిక్విడ్ (షాపిఫై పేజీలు రాసే టెంప్లేటు భాష) ఫైలు తనే రాసిపెడుతుంది. థీమ్ డాట్ లిక్విడ్‌లో దాన్ని రెండర్ చేస్తే సరి. పని చేసేటప్పుడు స్క్రిప్టులు లోకల్‌హోస్ట్ 5173 (మన ల్యాప్‌టాప్‌లోనే నడిచే సర్వర్) నుంచి వస్తాయి, బిల్డ్ అయ్యాక షాపిఫై సీడీఎన్ (ఫైళ్ళు పంచే సర్వర్లు) నుంచి వస్తాయి.

పాతకాపు
ఆయ్, ఇలాంటి ముచ్చట ఇదివరకోసారి అయిందండి. షాపిఫై వాళ్ళే స్లేట్ అని వెబ్‌ప్యాక్ (వీట్ లాంటి పాత బిల్డ్ సాధనం) మీద ఒక సాధనం తెచ్చారు. మేమంతా ఎగబడ్డాం. కొన్నాళ్ళకి వాళ్ళే చేతులెత్తేశారు. ఆ రోజుల్లో కట్టిన స్టోరు ఇప్పుడెవరైనా నా దగ్గరికి తెస్తే, ముందు ఆ కాలం నోడ్ (ఈ బిల్డ్ సాధనాల్ని నడిపేది) వెర్షను ఎక్కడుందా అని వెతుక్కోవాలి. బటన్ రంగు మార్చడానికి!

అదే షాపిఫై 2021లో ఆన్‌లైన్ స్టోర్ 2.0తో పాటు డాన్ ఇచ్చింది. దానికి బిల్డ్ అన్నదే లేదు. లైబ్రరీల్లేని మామూలు జావాస్క్రిప్టు, వెబ్ కాంపోనెంట్లు. సేవ్ కొట్టగానే మారడం అంటారా, సీఎల్‌ఐలో థీమ్ డెవ్ కొడితే సీఎస్‌ఎస్, సెక్షన్ల మార్పులు పేజీ రీలోడ్ లేకుండానే కనపడతాయి.

అసలు గొడవ అప్పజెప్పాక మొదలవుద్ది. సంక్రాంతి ఆర్డర్ల ముందు షాపాయన బావమరిది కొడుకు అడ్మిన్‌లో ఎడిట్ కోడ్ తెరుస్తాడు. మన పద్ధతిలో అయితే ఫైలు పేరు కార్ట్ డాట్ సీఎస్‌ఎస్, లోపల చదవగలిగే వరసలు. వీట్ పద్ధతిలో అయితే పేరు చివర అర్థంకాని ఎనిమిది అక్షరాలు (అదే హ్యాష్), లోపల అంతా కుదించేసి ఒకే లైను (అదే మినిఫై). కుర్రాడు తెలివైనోడు, ఎలాగో వెతికి రంగు మార్చాడనుకోండి. మళ్ళీ మనం బిల్డ్ చేసి పుష్ చేస్తే అది గల్లంతు. సోర్సు మన ల్యాప్‌టాప్‌లో, షాపేమో వాళ్ళది. ఇదేం లెక్కండీ?

జేఎస్ బుల్లోడు
రంగులు థీమ్ సెట్టింగ్స్‌లో పెట్టుకోవాలండి. లిక్విడ్‌లో స్టైల్ ట్యాగులో సీఎస్‌ఎస్ వేరియబుల్సుగా రాసేస్తే వీట్ వాటి జోలికే రాదు, ఎడిటర్లోంచే మార్చుకుంటారు. ఎలాగూ వీట్‌కి లిక్విడ్ అర్థం కాదు, సీఎస్‌ఎస్‌లో లిక్విడ్ కలిపి రాసే పాత అలవాటు మానుకోవాల్సిందే. మినిఫై కూడా ఆపేయొచ్చు, ఒక్క సెట్టింగే. హ్యాష్ లేకుండా మామూలు పేర్లు పెట్టించొచ్చు.

లేసుపని
బుల్లోడు గారూ, చివరి మాట దగ్గర ఆగండి.

అసెట్ యూఆర్ఎల్ ఫిల్టర్ అడ్రసు చివర వి అని ఒక నంబరు తగిలిస్తుంది. ఫైలు మారితే నంబరు మారుతుంది, కాబట్టి బ్రౌజర్ కొత్తది తెచ్చుకుంటుంది. అందుకే చాలామంది "షాపిఫైలో హ్యాష్ దండగ" అంటారు. కానీ ఆ నంబరు లిక్విడ్ రాసిన అడ్రసుకే. వీట్ మీ కోడును ముక్కలు చేసినప్పుడు ఒక జేఎస్ ఫైలు ఇంకోదాన్ని లోపల్నుంచి ఇంపోర్ట్ చేస్తుంది. అక్కడ లిక్విడ్ లేదు, నంబరూ ఉండదు. హ్యాష్ కూడా తీసేశారంటే పాత కొనుగోలుదారు ఫోన్లో కొత్త మెయిన్ ఫైలు, పాత ముక్క కలిసి నడుస్తాయి. ఇంకో తంటా, ఒకే ఫైలును ఒకచోట నంబరుతో, ఇంకోచోట నంబరు లేకుండా పిలిస్తే బ్రౌజర్‌కి అవి రెండు వేర్వేరు మాడ్యూళ్ళు. రెండుసార్లు నడుస్తుంది. యాడ్ టు కార్ట్ ఒకసారి నొక్కితే రెండు పెట్టెలు కార్టులో పడొచ్చు.

పేర్లు చదివేలా ఉండాలంటే ముక్కలు చేయకుండా ఒకే ఫైలుగా కట్టండి. లేదా లిక్విడ్‌లో ఇంపోర్ట్ మ్యాప్ (ఏ పేరుకి ఏ అడ్రసో బ్రౌజర్‌కి చెప్పే పట్టిక) రాసుకోండి. షాపిఫై వాళ్ళ హొరైజన్ థీము చేసేది అదే, అదీ వీట్ లేకుండా.

ఇక వీట్-ట్యాగ్ స్నిపెట్. మాకు చేతులు మారి వచ్చిన ఒక స్టోరులో, అంతకుముందు చూసినాయన వీట్ నడుస్తుండగానే లైవ్ థీముకి పుష్ చేసేశాడు. స్నిపెట్‌లో లోకల్‌హోస్ట్ అడ్రసు అలాగే వెళ్ళిపోయింది. ఆయన ల్యాప్‌టాప్‌లో సర్వర్ నడుస్తోంది కాబట్టి ఆయనకి సైటు శుభ్రంగా కనపడింది. కొనేవాళ్ళకేమో స్టైలు లేని వట్టి లింకులు. వీట్ పెట్టినవాళ్ళు పుష్ చేసే స్క్రిప్టులో ముందు బిల్డ్, తర్వాత ఆ స్నిపెట్‌లో లోకల్‌హోస్ట్ అన్న మాట ఉందేమో వెతికి, ఉంటే ఆగిపోవడం, ఈ రెండూ పెట్టుకోండి. మనిషి జ్ఞాపకం మీద వదలొద్దు.

జేఎస్ బుల్లోడు
ఇంపోర్ట్ సంగతి ఒప్పుకుంటానండి. నేను చేసినవన్నీ ఒకే ఫైలు స్టోర్లు, ఆ ఇబ్బంది నాదాకా రాలేదు.

రావులపాలెం సెంటర్
స్టోరుకి గిట్‌హబ్ (కోడు దాచుకునే సైటు) కలిపేవాళ్ళకి ఒక మాట. షాపిఫై మీ బ్రాంచిలో (కోడు ప్రతిలో) ఉన్నది ఉన్నట్టు తీసుకుంటుంది, బిల్డ్ చెయ్యదు. కాబట్టి సోర్సుకి ఒక బ్రాంచి, గిట్‌హబ్ యాక్షన్స్ (గిట్‌హబ్‌లో తనంతట తానే పని చేసే సదుపాయం) కట్టిన థీముకి ఇంకో బ్రాంచి ఉండాలి. పైగా షాపాయన ఎడిటర్లో బ్యానర్ మారిస్తే ఆ జేసన్ (సెట్టింగ్స్ ఫైలు) మార్పు తిరిగొచ్చి రెండో బ్రాంచిలో కమిట్ అవుద్ది. మీరు దాన్ని వెనక్కి సోర్సులోకి తెచ్చుకోకుండా మళ్ళీ బిల్డ్ తోసేశారో, దీపావళి బ్యానర్ పోయి దసరా బ్యానర్ వస్తుంది. ఫోను మీకే.

పాతకాపు
చూశారా, బటన్ రంగు దగ్గర మొదలై రెండు బ్రాంచిల దాకా వచ్చాం.

లేసుపని
పాతకాపు గారూ, అన్నీ పూతరేకుల కొట్లు కావు కదండీ. మా లేసు స్టోరులో టేబుల్ కవరు కొలత, అల్లిక, అంచు ఎంచుకుంటే ధర, బొమ్మ అప్పటికప్పుడు మారాలి. ఆ లెక్కలు టైప్‌స్క్రిప్టులో రాశాం, టెస్టులున్నాయి. వీట్ లేకుండా దాన్ని నేను ముట్టుకోను. కానీ మిగతా థీమంతా లిక్విడ్, మామూలు సీఎస్‌ఎస్సే. వీట్ ఆ ఒక్క ఫైలే కడుతుంది. "పెట్టాలా వద్దా" అని థీము మొత్తానికి అడిగితే జవాబు రాదండి, ఏ ముక్కకి కావాలో చూసుకోవాలి.

కాలవగట్టు
ఇది నాకు నచ్చింది. పూతరేకులు, కాజాల స్టోర్లు ఉన్నట్టే ఉంచుతాం. చీరలకి ఫిల్టర్ల పని పెద్దది, అక్కడ కుర్రాళ్ళకి ఆ ఒక్క ముక్కా వీట్‌తో ఇస్తా. సోర్సు ఎవరి దగ్గర ఉండాలన్నదే మిగిలింది.

లేసుపని
రిపో (గిట్‌హబ్‌లో కోడు ఉండే చోటు) షాపు వాళ్ళ పేరు మీదే తెరిపించండి, మీరు అందులో పనివాళ్ళుగా చేరండి. నోడ్ వెర్షను, బిల్డ్ కమాండు రీడ్‌మీలో తెలుగులో రాసిపెట్టండి. బిల్డ్ అయ్యే ఫైలు మొదట్లో "ఇక్కడ మార్చొద్దు, సోర్సు ఫలానా చోట" అని ఒక కామెంటు పడేలా చూడండి. మినిఫై చేస్తే మామూలు కామెంట్లు కొట్టుకుపోతాయి. ఫైలు మొదట్లో కామెంటు తగిలించే బ్యానర్ ఆప్షన్‌తో పెట్టినా సరే, బిల్డ్ అయ్యాక ఒకసారి ఫైలు తెరిచి చూసుకోండి.

పాతకాపు
ఆ బావమరిది కొడుక్కి రిపో యాక్సెస్ ఇవ్వండి ముందు. ఎలాగూ వాడే చేస్తాడు.