‘ఓకే’ అంటే నిజంగా ‘జీరో కిల్డ్’ అనా?

కాకినాడ_కాజా:
మా అమ్మాయి ఏడో క్లాసు. అమెరికా అంతర్యుద్ధంలో ఎవరూ చావని రోజు క్యాంపు బయట సున్నా పెట్టి పక్కన కె రాసేవాళ్లట, జీరో కిల్డ్ అని, అదే ఓకే అయిందని స్కూల్లో చెప్పారట. సరిగ్గా అదే ముక్క మా బావగారు ఫ్యామిలీ గ్రూపులో ఫార్వర్డ్ చేశారు, నేను కాదంటే ఇద్దరూ నా మీద లేచారు. ఇక్కడ తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

పాత_పేపర్ల_పిచ్చి:
కాదండీ, తేదీలే కుదరవు. ఆ యుద్ధం మొదలైంది 1861లో. ఓ.కె. అని అచ్చులో కనిపించింది 1839 మార్చి 23న, బోస్టన్ మార్నింగ్ పోస్ట్ అనే పేపర్లో. అప్పటికి యుద్ధానికి ఇంకా ఇరవై రెండేళ్లుంది. దీన్ని తవ్వి తీసింది కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ అలెన్ వాకర్ రీడ్, 1963, 64ల్లో వరసగా వ్యాసాలు రాశాడు.

అసలు సంగతి ఏంటంటే ఆ రోజుల్లో బోస్టన్ పేపరోళ్లకి ఒక సరదా, మాటల్ని కావాలని తప్పు స్పెల్లింగుతో రాసి, మళ్లీ దాన్ని పొడి అక్షరాలుగా కుదించేవాళ్లు, ఇప్పుడు మన పిల్లలు చాటింగులో చేస్తున్నట్టే. ‘ఆల్ కరెక్ట్’లో ఎ బదులు ఓ, సి బదులు కె పెట్టి ‘ఓల్ కరెక్ట్’, అంటే ఓ.కె. ‘ఆల్ రైట్’ని ‘oll wright’ అని రాసి ఓ.డబ్ల్యు. అనేవాళ్లు. ‘నో గో’ని ‘know go’ అని రాసి కె.జి. అవన్నీ పోయాయి, ఇదొక్కటి మిగిలింది.

సిద్దిపేట_సీను:
అన్నా, గంత పెద్ద మాట ఒక పేపరోడి జోకుల కెంచి వచ్చిందంటే నమ్మబుద్ధి అయితలేదు. చోక్టా అని అమెరికాల ఆదివాసులు, వాళ్ల భాషల ‘ఓకె’ అంటే ‘గంతే, నిజమే’ అని. ప్రెసిడెంట్ ఉడ్రో విల్సన్ కూడ అదే నమ్మి ఫైళ్ల మీద ఓ, కె, ఇ, హెచ్ అని రాసెటోడు. ఇగ ఆఫ్రికాల వోలోఫ్ భాష ఉన్నది, అండ్ల ‘వావ్’ అంటే అవును, ‘కే’ అని నొక్కి చెప్తే ‘అవును మరి’ అన్నట్టు. బానిసలుగ పట్టుకపోయినోళ్ల నోట్ల ఉన్న మాటను 1839ల ఏ ఎడిటర్ అచ్చేస్తడు? అచ్చుల లేదంటే మాట లేనట్టేనా? మా నాయనమ్మ మాట్లాడిన మాటల్ల సగం ఏ డిక్షనరీల లెవ్వు.

పాత_పేపర్ల_పిచ్చి:
సీను గారూ, పాయింటు బాగుంది, తీసిపారేసేది కాదు. కానీ ఆ పేపర్లోనే ఓ.కె. పక్కన ‘ఆల్ కరెక్ట్’ అని అర్థం కూడా ఇచ్చుకున్నారు. అప్పటికే జనం నోట్లో నలిగిన మాటైతే అర్థం చెప్పాల్సిన పనేముంది? పైగా ఒంటరిగా రాలేదు కదా, దాని తోబుట్టువులు ఓ.డబ్ల్యు. లాంటివి పక్కనే ఉన్నాయి. వాటికీ వోలోఫ్‌లో మూలం వెతుకుతామా? విల్సన్ నమ్మాడు సరే, ప్రెసిడెంట్ అయినంత మాత్రాన భాషాశాస్త్రం వచ్చేస్తుందా చెప్పండి.

ఇది బతకడానికి ఎలక్షన్లు కారణం. 1840లో అమెరికా ప్రెసిడెంట్ మార్టిన్ వాన్ బ్యూరెన్ రెండోసారి నిలబడ్డాడు, ఆయన ఊరు న్యూయార్క్ రాష్ట్రంలో కిండర్‌హుక్, ముద్దుపేరు ఓల్డ్ కిండర్‌హుక్. పొడి అక్షరాలు అవే! ఓ.కె. క్లబ్బులు పెట్టి ఊరేగింపులు తీశారు. అవతలి పార్టీ వాళ్లేమో, వాన్ బ్యూరెన్ గురువు, అంతకుముందు ప్రెసిడెంట్ ఆండ్రూ జాక్సన్‌కి స్పెల్లింగ్ రాదు, ఫైళ్ల మీద ఓ.కె. అని రాసేవాడు అని ఎగతాళి చేశారు. మొత్తానికి వాన్ బ్యూరెన్ హారిసన్ చేతిలో ఓడిపోయాడు గానీ, రెండు పార్టీలూ కలిసి దేశమంతా ఈ రెండక్షరాలకి ఫ్రీ పబ్లిసిటీ ఇచ్చేశాయి.

గుంటూరు_గోంగూర:
చరిత్ర ఎలాగైనా ఏడవనీ, మనం ‘సరే’ని చంపేసి దీన్ని నెత్తికెక్కించుకున్నాం, నా బాధ అదీ.

కాకినాడ_కాజా:
అక్కడే నాకు డౌటు. నిన్న సినిమా నుంచి వచ్చిన తమ్ముణ్ణి ఎలా ఉందిరా అనడిగితే మొహం ఒక పక్కకి పెట్టి ‘ఓకే’ అన్నాడు. అక్కడ ‘సరే’ పెట్టి చూడండి, అతకదు. బండి మీంచి పడ్డవాణ్ణి ‘ఓకేనా’ అని అడుగుతాం, ‘సరేనా’ అంటే కొడతాడు. లోన్ ఓకే అయింది అంటే ఇంకోటి. ఒక్క తెలుగు మాట ఇన్ని చోట్ల పనికొస్తుందా?

గుంటూరు_గోంగూర:
సినిమాకీ దెబ్బకీ ‘పర్లేదు’ ఉందిగా! ఎలా ఉంది, పర్లేదు. తగిలిందా, పర్లేదు. లోనుకి ‘శాంక్షన్ అయింది’ అంటాం, అదీ ఇంగ్లీషే అనుకోండి, నేను ఓడిపోయా అక్కడ.

సిద్దిపేట_సీను:
మా దిక్కు ఓ మోస్తరు సినిమాకి ‘నడుస్తది’ అంటం. వోలోఫ్ సంగతి మాత్రం నేను ఇడిచిపెట్ట, చెప్తున్న.

కాకినాడ_కాజా:
థాంక్స్ అందరికీ. 1839 తేదీ ఫ్యామిలీ గ్రూపులో పెట్టా. బావగారు చూశారు, రెండు నీలం టిక్కులు పడ్డాయి, గంటైంది, ఇంకా ఏమీ అనలేదు.