లా యొరోనా లాంటి పాత్రలున్న పిల్లల పుస్తకం చెప్తారా?

మేం టెక్సస్‌లో శాన్ ఆంటోనియోలో ఉంటాం. మా పాపకి 9 ఏళ్లు. తన ఫ్రెండ్ వాళ్ల అమ్మమ్మది మెక్సికో, ఆవిడ లా యొరోనా కథ చెప్పారట, అదే, తన పిల్లల్ని తనే ఏట్లో ముంచేసి, తెల్లబట్టల్లో రాత్రిళ్లు ఒడ్డున ఏడుస్తూ వాళ్లని వెతుక్కునే తల్లి. ఆ రాత్రి భయంతో నా పక్కనే పడుకుంది, పొద్దున లేవగానే ఇంకా కథలు కావాలంది! (చిన్నప్పుడు మా వీధి గోడల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసిన రోజులు గుర్తొచ్చాయి.)

యొరోనా, గుడ్లగూబగా మారే లెచూసా, మేకల రక్తం తాగే చుపకాబ్రా, వీళ్ల మధ్యకి పిల్లలే వెళ్లే సాహస కథ, తను సొంతంగా చదవగలిగే ఇంగ్లిష్ పుస్తకం ఏదైనా ఉందా? మధ్యలో స్పానిష్ మాటలుంటే మరీ మంచిది. యొరోనాని ఉత్త దెయ్యంలా కాకుండా ఆ తల్లి బాధ కూడా చూపించాలి. మీ పిల్లలు చదివినవి చెప్పండి ప్లీజ్.