అఫెక్స్ బిగిన్ థ్రెడ్ దగ్గర సీ3867, దాన్ని సరిచేస్తే సీ2665

ప్రశ్న

విజువల్ స్టూడియో 2022లో ఎంఎఫ్‌సీ (విండోస్ ప్రోగ్రాముల కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చే సీ++ లైబ్రరీ) డైలాగ్ అప్లికేషన్. "వెతుకు" బటన్ నొక్కితే ఫోల్డర్‌లోని ఫైళ్ల పేర్లన్నీ లిస్ట్ కంట్రోల్‌లోకి రావాలి. ఫైళ్లు ఎక్కువైతే విండో బిగుసుకుపోతోంది, అందుకే ఆ పనిని థ్రెడ్‌లోకి (విండోతో పాటు విడిగా నడిచే దారిలోకి) మారుస్తున్నాను. డైలాగ్ క్లాస్‌లో స్కాన్ ఫోల్డర్ అనే ఫంక్షన్ ఉంది. ఎల్‌పీవాయిడ్ (ఏ టైపుదైనా కాగల పాయింటర్) తీసుకుని డీవర్డ్ (ఒక పూర్ణాంకం టైపు) తిరిగిస్తుంది. థ్రెడ్‌ని మొదలుపెట్టే ఎంఎఫ్‌సీ ఫంక్షన్ అఫెక్స్ బిగిన్ థ్రెడ్‌కి మొదట దాని పేరు, తర్వాత దిస్ (ఈ డైలాగ్ ఆబ్జెక్ట్ పాయింటర్) ఇస్తే సీ3867 అనే కంపైలర్ ఎర్రర్ వచ్చింది. & పెట్టమని ఎర్రరే చెబుతోంది కదా అని క్లాస్ పేరుతో సహా పెట్టాను. ఇప్పుడు సీ2665 (ఇచ్చిన ఆర్గ్యుమెంట్ల టైపులు సరిపోలేదు). క్యాస్ట్ చేస్తే సీ2440 (ఈ టైపుని ఆ టైపుగా మార్చలేను). ఎక్కడ తప్పుతోంది?

జవాబు 1

ఇక్కడ & సలహా మిమ్మల్ని పక్కదారి పట్టించింది. మామూలు మెంబర్ ఫంక్షన్‌కి దిస్ అనే ఇంకో ఆర్గ్యుమెంట్ కనపడకుండా ఉంటుంది. అఫెక్స్ బిగిన్ థ్రెడ్ అడిగేది మాత్రం ఒక్క ఎల్‌పీవాయిడ్ తీసుకుని యూఇంట్ తిరిగిచ్చే ఉత్త ఫంక్షన్. మెంబర్ పాయింటర్‌ని ఎంత క్యాస్ట్ చేసినా అలాంటి పాయింటర్ కాదు. సీ2440 చెప్పేది అదే.

రెండో తప్పు డీవర్డ్. యూఇంట్, డీవర్డ్ రెండూ 32 బిట్లే, కానీ ఒకటి అన్‌సైన్డ్ ఇంట్, ఇంకోటి అన్‌సైన్డ్ లాంగ్. కంపైలర్ లెక్కలో వేర్వేరు టైపులు. కాబట్టి స్టాటిక్ పెట్టినా, డీవర్డ్ అలాగే ఉంటే సీ2665 పోదు. క్రియేట్ థ్రెడ్ (విండోస్ సొంత థ్రెడ్ ఫంక్షన్, అది డీవర్డ్ అడుగుతుంది) ఉదాహరణల నుంచి కాపీ చేసిన కోడ్‌లో ఈ తప్పు తరచూ కనిపిస్తుంది.

ఫంక్షన్‌ని స్టాటిక్ చేసి, యూఇంట్ తిరిగిచ్చేలా మార్చండి. లాంబ్డా (పేరు లేకుండా అక్కడికక్కడే రాసే ఫంక్షన్) వాడాలనిపిస్తే స్క్వేర్ బ్రాకెట్లు ఖాళీగా ఉండాలి, దిస్‌ని క్యాప్చర్ చేస్తే పనికిరాదు. రిటర్న్ టైప్ కూడా యూఇంట్ అని విడిగా రాయాలి. ఉత్త "రిటర్న్ 0" రాస్తే అది ఇంట్ అయిపోతుంది, మళ్లీ అదే ఎర్రర్.

ప్రశ్న అడిగినవారు

స్టాటిక్ పెట్టాను, యూఇంట్ చేశాను. ఇప్పుడు సీపీపీ ఫైల్‌లో సీ2724 ఒకటి, సీ2597లు పదిహేను.

జవాబు 1

సీ2724 చిన్న విషయం. స్టాటిక్ అనే మాట హెడర్‌లోని డిక్లరేషన్ ముందు మాత్రమే ఉండాలి, సీపీపీ ఫైల్‌లోంచి తీసేయండి.

సీ2597 ఎందుకంటే స్టాటిక్ ఫంక్షన్‌కి దిస్ లేదు, ఎమ్ అండర్‌స్కోర్ లిస్ట్ లాంటి మెంబర్ వేరియబుల్ ఏ డైలాగ్‌దో దానికి తెలియదు. ఆ పదిహేను చోట్లా పాయింటర్ తగిలించుకుంటూ పోకండి. స్కాన్ ఫోల్డర్‌ని మళ్లీ మామూలు మెంబర్‌గా చేసి, ఆర్గ్యుమెంట్ తీసేయండి. థ్రెడ్ ప్రాక్ అని రెండు వరుసల స్టాటిక్ ఫంక్షన్ రాయండి. మొదటి వరుసలో ఎల్‌పీవాయిడ్‌ని స్టాటిక్ క్యాస్ట్‌తో మీ డైలాగ్ క్లాస్ పాయింటర్‌గా మార్చాలి, రెండో వరుసలో దాని మీద స్కాన్ ఫోల్డర్‌ని పిలిచి ఫలితాన్ని రిటర్న్ చేయాలి. అఫెక్స్ బిగిన్ థ్రెడ్‌కి ఇచ్చేది థ్రెడ్ ప్రాక్, దిస్.

జవాబు 2

పైన చెప్పినట్టు చేస్తే కంపైల్ అవుతుంది. కానీ ముందుంది ముసళ్ల పండగ. స్కాన్ ఫోల్డర్ లోపల అప్‌డేట్ డేటా (కంట్రోళ్లకీ వేరియబుళ్లకీ మధ్య విలువలు మార్చే ఫంక్షన్) పిలుస్తుంటే డీబగ్ బిల్డ్‌లో అసర్ట్ (తనిఖీ విఫలమైందన్న హెచ్చరిక) కొడుతుంది, ఎందుకంటే ఎంఎఫ్‌సీ విండో హ్యాండిళ్ల పట్టికను థ్రెడ్‌కొకటి చొప్పున విడిగా పెట్టుకుంటుంది. రిలీజ్‌లో అసర్ట్ రాదు కాబట్టి బాగానే ఉందనిపిస్తుంది, నమ్మొద్దు.

థ్రెడ్ నుంచి కంట్రోళ్లను ముట్టుకోకుండా డైలాగ్‌కి పోస్ట్ మెసేజ్‌తో (జవాబు కోసం ఆగకుండా క్యూలో వేసే ఫంక్షన్) సందేశం పంపండి. మెసేజ్ నంబర్ డబ్ల్యూఎమ్ యాప్ + 1 సరిపోతుంది. హ్యాండ్లర్ డబ్ల్యూపరమ్, ఎల్‌పరమ్ తీసుకుని ఎల్‌రిజల్ట్ తిరిగివ్వాలి. వాయిడ్ అని రాస్తే, మెసేజ్‌ని హ్యాండ్లర్‌కి కలిపే ఆన్ మెసేజ్ మ్యాక్రో వరుస దగ్గర మళ్లీ సీ2440. పైగా ఫైలుకో మెసేజ్ పంపొద్దు. మెసేజ్ క్యూ పరిమితి మామూలుగా 10,000. అది నిండితే పోస్ట్ మెసేజ్ సున్నా తిరిగిస్తుంది, ఆ పేరు పోయినట్టే. 200 పేర్లు ఒక వెక్టర్‌లో పోగుచేసి, న్యూతో సృష్టించి, దాని పాయింటర్‌ని ఎల్‌పరమ్‌లో పంపండి. డిలీట్ చేసే బాధ్యత హ్యాండ్లర్‌ది. పోస్ట్ విఫలమైతే థ్రెడే డిలీట్ చేయాలి.

స్కాన్ నడుస్తుండగా డైలాగ్ మూసేస్తే దిస్ గాలిలో వేలాడుతుంది. మూసే ముందు ఒక అటామిక్ బూల్‌తో (థ్రెడ్లు సురక్షితంగా పంచుకునే అవును/కాదు వేరియబుల్) ఆగమని చెప్పి, వెయిట్ ఫర్ సింగిల్ ఆబ్జెక్ట్‌తో థ్రెడ్ అయ్యేదాకా ఆగండి. ఆ సమయంలో థ్రెడ్, జవాబు వచ్చేదాకా ఆగే సెండ్ మెసేజ్ వాడిందా, రెండూ ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ కూర్చుంటాయి.

జవాబు 1

ఆగడం గురించి ఇంకొక్కటి. అఫెక్స్ బిగిన్ థ్రెడ్ ఇచ్చే ఆబ్జెక్ట్ పని అవగానే తనను తాను డిలీట్ చేసుకుంటుంది, దాని హ్యాండిల్‌తో పాటే. కాబట్టి క్రియేట్ సస్పెండెడ్ (థ్రెడ్‌ని ఆపి ఉంచి సృష్టించమనే ఫ్లాగ్)తో మొదలుపెట్టి, ఆటో డిలీట్‌ని ఫాల్స్ చేసి, ఆపైన రెజ్యూమ్ థ్రెడ్ పిలవాలి. వెయిట్ అయ్యాక డిలీట్ మీరే చేయాలి. క్రియేట్ సస్పెండెడ్ ఐదో ఆర్గ్యుమెంట్, దానికి ముందు ప్రయారిటీ, స్టాక్ సైజ్ ఉంటాయి (నార్మల్, 0 ఇవ్వండి). పొరపాటున మూడో చోట పెడితే కంపైలర్ ఒక్క మాటా అనదు, దాని విలువ 4ని ప్రయారిటీ అనుకుంటుంది.