సమస్య: చచ్చినట్టి మామ సంధ్య వార్చె

నిర్వాహకుడు (మైలాపూరు): ఈ వారం పాదం నాది కాదు, టీవీది. నిన్న రాత్రి మా అత్తగారి పక్కన కూర్చుని ఒక సీరియల్ చూశాను. దినవారాలన్నీ అయిపోయిన మామగారు తెల్లారేసరికి పెరట్లో సంధ్య వారుస్తున్నాడు, పైగా జంధ్యం కుడి భుజం మీద! ఎడిటింగులో షాటు తిరగేసినట్టున్నారు. తద్దినం పెట్టాల్సినవాడు సవ్యంగా, ఎడమ భుజం మీద వేసుకుని ఉన్నాడు, చచ్చినవాడు అపసవ్యంగా వేసుకున్నాడు. నవ్వాపుకోలేక దాన్నే నాలుగో పాదంగా ఇక్కడ పడేస్తున్నా. పై మూడు పాదాలు మీరు కట్టి ఆటవెలది పూరించాలి, కానివ్వండి.

మాంబళం మావయ్య: బోణీ నాదే.

పాడె మీద నుండి ప్యాకప్పు విని లేచి
సందె వేళ సెట్టు సద్దణంగ
కారవాను పక్క కాళ్ళు కడిగికొని
చచ్చినట్టి మామ సంధ్య వార్చె

తాంబరం తమ్ముడు: 'సద్దణంగ' బాగుంది మావయ్యా. కానీ 'ప్యా' ముందున్న 'డి' గురువైపోదా?

మాంబళం మావయ్య: అవదు నాయనా. 'నుండి' వేరే మాట, 'ప్యాకప్పు' వేరే మాట, మధ్యలో సమాసం లేదు. ఈ డౌటు నీకు ఎవరు పెట్టారో నాకు తెలుసులే.

పెరంబూరు పంతులు: గణాల జోలికి నేను రాలేదు. నా బాధల్లా మావయ్యగారి పూరణలన్నీ ప్యాకప్పుతోనే తెమిలిపోవడం. నిరుడు దయ్యం సమస్య ఇచ్చినప్పుడూ ఇంతే, మేకప్ కడుక్కుని ఇంటికెళ్ళింది. నటుడు వేషం తీసేస్తే ఏ సమస్య అయినా తీరుతుంది, అందులో చమత్కారం ఎక్కడుంది?

మాంబళం మావయ్య: ఉగాదికి గ్లిజరినును 'గిలిసరి' చేసి గణం కుదిర్చినవారు చమత్కారం గురించి చెప్తున్నారు, అందరూ వినండి.

పెరంబూరు పంతులు: అది తద్భవం.

మాంబళం మావయ్య: అది గిలి.

తాంబరం తమ్ముడు: కొట్టుకోకండి. నాదీ చూడండి. గురువారం రేటింగులు వస్తాయి, శుక్రవారం మామ లేస్తాడు, అదే పాయింటు. పాత నటుడు మానేస్తే కొత్తాయన్ని కూర్చోబెడతారు, ఇంట్లో ఒక్కళ్ళూ గుర్తుపట్టరు.

రేటు పడిన నాడు రెండవ మామను
తెచ్చినారు వేరె తెల్లమొగము
కోడలొకతె కాదు కుక్క కూడా నదరదు
చచ్చినట్టి మామ సంధ్య వార్చె

పెరంబూరు పంతులు: 'డా నదరదు' ఏ గణం బాబూ? నాకు తెలిసిన ఇంద్రగణాలు ఆరు, ఇది ఏడోది అయ్యుండాలి. 'కుక్కయు నదరదు' అను, సరిపోతుంది. 'తెల్లమొగము' మాత్రం నాకు తెగ నచ్చింది. మొగం తెల్లబోయినందుకూ పనికొస్తుంది, పౌడరుకూ పనికొస్తుంది. మావయ్యగారు నాలుగు పాదాల్లో చెయ్యలేనిది పిల్లాడు ఒక్క మాటలో చేశాడు.

తాంబరం తమ్ముడు: థాంక్స్ పంతులుగారూ, దిద్దుకుంటా. మెచ్చుకున్నది నన్నో, తిట్టింది ఆయన్నో అర్థం కాలేదు.

ఆర్కాటు రోడ్డు తాత: నటుడు మారితే పాత్ర మారిపోవాలని రూలు లేదురా అబ్బాయిలూ. 1957లో మాయాబజార్లో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి నడిచింది చూడండి. మీసం లేదు, గద లేదు, మొగం తనదే, అయినా ఆ అడుగులో రంగారావు కనపడతాడు. ఆ సినిమా తీసిన వాహినీ స్టూడియో ఉన్న జాగాలో ఇప్పుడు ఆసుపత్రీ మాలూ ఉన్నాయి, నేను సాయంత్రం అటే నడుస్తా. ఇప్పటివాళ్ళను మరీ తిట్టబుద్ధి కాదు. తెలుగు రాని పిల్లకి పక్కనుంచి అసిస్టెంటు డైలాగు అందిస్తుంటే, అది వినాలా, ఏడవాలా? పెదాలు ఒకరివి, గొంతు ఇంకొకరిది, కన్నీళ్ళు సీసాలోవి. దూరదర్శన్‌లో 13 వారాలకు కథ ముగిసేది, ఇప్పుడు రోజూ ఒక ఎపిసోడ్ వండి వార్చాలి. సరే, నా వంతు. నిజంగా చూసిందే, శవం వేషగాడు నిద్రపోయాడు.

శవము పొట్ట కదలె చక్కగా గురకయు
వినగ వచ్చె నింక వేయు నేమి
కన్ను తెరిచి మూసి కసరె దోమలపైన
చచ్చినట్టి మామ సంధ్య వార్చె

మాంబళం మావయ్య: మూడు పాదాలు ప్రాణం పోశాయి తాతగారూ. నాలుగోదానికి మాత్రం దారి వెయ్యలేదు. దోమల్ని కసిరినవాడు సంధ్య ఎందుకు వార్చాడు? అతికించినట్టుంది.

ఆర్కాటు రోడ్డు తాత: అవునోయ్, అక్కడ నేనూ నిద్రపోయా.

వడపళని వదిన: అందరూ మామనే పట్టుకుని వేలాడుతున్నారేంటి? పాదాన్ని మధ్యలో విరవండి.

అన్నముడికె పొయ్యి నత్తయ్య గుడికేగె
మెతుకు పట్టి చూడ మెత్తనయ్యె
గడప దాటి వచ్చి కాఫీ యడిగెనయ్య
చచ్చినట్టి మామ; సంధ్య వార్చె

సంధ్య కోడలి పేరు. దండ వేసిన ఫోటోలోంచి మనిషి నడిచొచ్చి కాఫీ అడిగితే, గరిటె కూడా కిందపడకుండా గంజి వార్చుకుంటోంది. అదీ మన హీరోయిన్ల నటన.

నిర్వాహకుడు: అమ్మా! ఆ సెమీకోలన్‌కి ఒక దండం. నేను ఇచ్చినప్పుడు నాకే తట్టలేదు.

తాంబరం తమ్ముడు: వదినా, నేను మూసుకుని కుక్కను కట్టేసుకుంటా.

మాంబళం మావయ్య: నాకు అన్నిటికన్నా 'మెత్తనయ్యె' నచ్చింది. వంట చేసే మనిషి రాసిందని తెలుస్తోంది. పంతులుగారు ఇంతవరకూ ఒక్క పద్యమైనా వెయ్యలేదని సభకు మనవి.

పెరంబూరు పంతులు: వేస్తా, తొందరేం? ముందు ఇది తేల్చండి. వదినగారి విరుపు గొప్పదే, ఒప్పుకున్నా. కానీ సీరియళ్ళు అసహజం అని వెక్కిరించే పద్యంలోనే అసహజం ఉంది. పాలరాతి మెట్లున్న ఆ ఇంట్లో, పట్టుచీర కట్టుకుని, గంజి వార్చే కోడలు ఎక్కడ దొరికింది? కుక్కరుండాలి. రెండో పాదం ఇలా మార్చండి:

మూడు కూతలయ్యె ముచ్చటగను

యతి సరిపోయింది, కాలానికీ తగ్గట్టుంది.

వడపళని వదిన: సరిపోయింది పంతులుగారూ. కుక్కరైతే ఇక సంధ్య వార్చేదేముంది?

ఆర్కాటు రోడ్డు తాత: 😂

మాంబళం మావయ్య: ఈ మాటని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా. వచ్చే ఉగాదికి పనికొస్తుంది.

పెరంబూరు పంతులు: సరే, పాత పాదమే ఉండనివ్వండి. నా పద్యం రేపు పొద్దున వేస్తా. గిలిసరి మాత్రం తద్భవమే.