సమస్యాపూరణం: పాదమొకటి లేక పరుగులెత్తె

సమస్య: “పాదమొకటి లేక పరుగులెత్తె”

కవిమిత్రులకు నమస్కారం. ఇది ఆటవెలది అనే నాలుగు పాదాల పద్యంలో నాలుగవ పాదం. దీనికి ముందు మూడు పాదాలు చేర్చి పద్యాన్ని పూర్తిచేయడమే పూరణ. ఇంగ్లీషులోని ‘రన్’ అనే క్రియకున్న ఏదో ఒక ప్రయోగాన్ని ఆధారం చేసుకొని పూరించాలన్నది ఈసారి నియమం. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో అర్థాల సంఖ్యలో ‘సెట్’ ముందుండగా, తరువాతి సవరణలో ‘రన్’ క్రియ ఒక్కదానికే 645 అర్థాలు తేలి, అది ‘సెట్’ను దాటిపోయింది. ఇంగ్లీషు ఒకే మాటతో నడుపుకొనే పనిని మన భాష చాలా క్రియలకు పంచింది: నది పారుతుంది, మర ఆడుతుంది, వ్యాపారం నడుస్తుంది. ఎన్నికలలో అమెరికావారు ‘రన్’ అంటే బ్రిటన్‌వారు ‘స్టాండ్’ అంటారు. మనమూ అభ్యర్థి నిలబడ్డాడనే అంటాము. ఈ తేడాలలోనే పూరణకు చోటున్నది. ‘పాదమొకటి లేక’ అన్న మాటను ఒకటికి రెండుసార్లు చూడవలసిందిగా మనవి.

మొదటి పూరణ

జలుబు సోకినపుడు జారెడు ముక్కును
రన్నటంచు నాంగ్ల రసన పలుక
వినిన బాలకుండు విస్తుపోవుచు ననె
పాదమొకటి లేక పరుగులెత్తె

విమర్శ: అమ్మా, మీ పూరణ బాగున్నది. అభినందనలు. సమస్యను పిల్లవాని నోట పెట్టడం వలన అసంబద్ధత సహజంగా తీరిపోయింది. అయితే ‘జారెడు ముక్కు’ అంటే ముక్కే ఊడి జారుతున్నదని తోస్తుంది. తెలుగులో ముక్కు కారుతుంది. నిజానికి కారేది ముక్కు కాదు, అందులోని నీరు. అయినా ఆ పనిని ముక్కుకే అంటగట్టడంలో మన జాతీయమూ, ఇంగ్లీషు జాతీయమూ ఒకే దారిన పోతున్నాయి. అందువల్ల ‘కారు’ అన్న క్రియను వదులుకోవడం నష్టమే. యతి (పాదం మొదటి అక్షరానికి నడిమి అక్షరంతో కుదరవలసిన మైత్రి) కోసమే ‘జారెడు’ వచ్చినట్లున్నది కనుక మొదటి మాటనే మార్చి, “కఫము పట్టినపుడు కారెడు ముక్కును” అంటే యతీ నిలుస్తుంది, నుడికారమూ నిలుస్తుంది.

సభ్యురాలి సమాధానం: ధన్యవాదాలండీ. మీ సవరణను స్వీకరిస్తున్నాను. ‘కారెడు’ నాకూ తోచింది కాని, ‘జలుబు’ను వదలడానికి మనసొప్పక ఆగిపోయాను.

రెండవ పూరణ

మీట నొక్కినంత మేల్కొని యంత్రము
రన్ను చేసె ననుచు రాసె నొకడు
తెనుగు సేయువాడు తెలియక యిట్లనె
పాదమొకటి లేక పరుగులెత్తె

విమర్శ: మిత్రమా, అనువాదకుని పొరపాటును పద్యానికి కీలకం చేయడం మెచ్చదగినది. రెండవ పాదంలో రెండు విషయాలు చూడండి. మన వాడుకలో యంత్రం ‘రన్ అవుతుంది’. దానిని ‘రన్ చేసేది’ మనిషి. ‘రాసె’కు పద్యంలో ‘వ్రాసె’ మేలు. అది వేరు పదం కనుక దాని ముందున్న అక్షరం గురువు (రెండు మాత్రల అక్షరం) కాదు, ‘వ్రా’లోని రేఫతో (రకారంతో) యతి కూడా చెల్లుతుంది. “రన్నగు నది యంచు వ్రాసె నొకడు” అని చూడండి.

మూడవ పూరణ

ఆటవెలది యొకటి యరకొరగా నిల్చి
కవుల గడపఁ ద్రొక్కెఁ గడమ వెదకి
రన్ను రన్నటంచు రాత్రియుఁ బవలును
పాదమొకటి లేక పరుగులెత్తె

విమర్శ: ఆర్యా, ‘పాదము’ను పద్యపాదంగా గ్రహించి, ఆ లోటుతో పద్యమే కవుల గడప తొక్కిందనడం నాకెంతో నచ్చింది. అరకొరగా నిలిచినది పరుగెత్తడంలో విరోధం కూడా అందంగా అమరింది. నియమం దగ్గర మాత్రం చిక్కున్నది. మూడవ పాదంలోని ‘రన్ను’ మామూలు పరుగే తప్ప వేరొక ప్రయోగం కాదు. ‘రాత్రియుఁ బవలును’ అన్నది గణాలు (పాదంలోని అక్షరాల కూర్పులు) నింపడానికే వచ్చింది. ఆ పాదాన్ని మరొకసారి ఆలోచించండి.

మరొక సభ్యుని సూచన: సరుకు చాలకపోతే ఇంగ్లీషువారు ‘రన్ షార్ట్’ అంటారు కదా! ఒక పాదం తక్కువైన పద్యానికి ఆ మాట సరిగ్గా అతుకుతుంది.

పూరణకర్త సమాధానం: ఆ మాట నాకు స్ఫురించనే లేదు, కృతజ్ఞుణ్ణి. మూడవ పాదాన్ని ఇలా మార్చాను.

ఆటవెలది యొకటి యరకొరగా నిల్చి
కవుల గడపఁ ద్రొక్కెఁ గడమ వెదకి
రన్ను షార్టటంచు రసికులు పల్కిరి
పాదమొకటి లేక పరుగులెత్తె

విమర్శ: సవరించిన పూరణ నిర్దోషంగా ఉన్నది. లోటును చెప్పే ఇంగ్లీషు జాతీయమూ, లోటుపడిన తెలుగు పాదమూ పక్కపక్కన నిలిచి సమస్యను విప్పాయి. ‘షార్టటంచు’ చెవికి కొంత కటువుగా ఉన్నా, ఇక్కడ ఆ మాటే కావాలి కనుక మార్చమనను.