తెరమీద నిండు నీలం, శుభలేఖ మీద వంకాయ రంగు

నీలిసిరా:
శుభలేఖ డిజైన్ ఫోటోషాప్‌లో చేసి ఆఫ్‌సెట్‌కు ఇచ్చాను. తెరమీద నిండు నీలం, అచ్చు నమూనాలో వంకాయ రంగు. ప్రెస్సువారు "కంప్యూటర్‌లో అలాగే కనిపిస్తుందండీ" అని చేతులు దులుపుకున్నారు. పెళ్లివారు నీలమే కావాలని పట్టుబట్టారు. ఏం చేయాలి?

ప్లేటురూము:
సీఎంవైకే, అంటే అచ్చులో వాడే సయాన్ (లేత నీలం), మజెంటా (ముదురు గులాబీ), పసుపు, నలుపు సిరాల శాతాలు చూడండి. సయాన్ 100, మజెంటా 100 ఉంటే ఎంత మంచి యంత్రమైనా ఊదాయే దింపుతుంది. మజెంటాను 65 దగ్గరికి దించండి. ఇంకో మాట. తెర వెలుగునే చిమ్ముతుంది, సిరా మాత్రం కాగితం మీద పడ్డ వెలుగులో కొంత మింగేస్తుంది. ఆర్‌జీబీలో, అంటే తెర వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల లెక్కలో, 0, 0, 255 అనే నీలం నాలుగు సిరాలకు అందనే అందదు. మెరిసే చిలకపచ్చదీ అదే గతి.

తెరచాటు:
మానిటర్ వెలుగు తగ్గించారా? చదరపు మీటరుకు 250, 300 కాండెలాల వెలుగు చిమ్మే తెరలు వస్తున్నాయి. అచ్చుపనికి 120 చాలు, అంతకన్నా తక్కువైనా మంచిదే. తెర రంగులను సరిచేసే కాలిబ్రేటర్ కొంటే సగం తలనొప్పి పోతుంది.

ప్లేటురూము:
ప్రెస్సువారి ప్రొఫైల్, అంటే వారి యంత్రంలో రంగులు కాగితం మీద ఎలా పడతాయో చెప్పే ఫైలు, లేనిదే కాలిబ్రేటర్ ఒక్కటీ ఏం చేస్తుంది? ముందు అది అడగండి. లేదంటే, నున్నటి పూత ఉన్న ఆర్ట్ పేపరైతే, ఫోటోషాప్ ప్రూఫ్ సెటప్‌లో ఫోగ్రా 39 అనే రెడీమేడ్ ప్రొఫైల్ పెట్టుకుని కంట్రోల్, వై నొక్కండి, అచ్చులో రంగు ఎలా వస్తుందో తెరమీదే కనిపిస్తుంది. "సిమ్యులేట్ పేపర్ కలర్" కూడా టిక్ చేయండి. తెర ఒక్కసారిగా వెలవెలబోతుంది, మనసు చివుక్కుమంటుంది. పెళ్లివారికి చూపాల్సింది ఆ తెరనే.

తెరచాటు:
ఒప్పుకుంటాను. నమూనాను ట్యూబులైటు కింద చూసి తీర్పు చెప్పకండి. అచ్చు రంగులు చూడటానికి ఐఎస్ఓ 3664 ప్రమాణం చెప్పేది 5000 కెల్విన్ వెలుగు, అంటే పగటి వెలుగును పోలినది. అది లేనివారు పగటిపూట కిటికీ పక్కన, నేరుగా ఎండ పడనిచోట చూడవచ్చు.

షేడ్‌కార్డు:
కార్డు ఒకటి రెండు రంగులదైతే ఈ గొడవంతా ఎందుకండీ? జాలీ గుడ్డ గుండా సిరా దింపే స్క్రీన్ ప్రింటింగ్‌కు ఇవ్వండి. సిరా రంగుల నమూనాలుండే షేడ్ కార్డులో నీలం చూపిస్తే సిరా కలిపి ఇస్తారు. ఫోటోలు ఉంటేనే ఆఫ్‌సెట్.

నీలిసిరా:
ఫోటో ఉందండీ, ఆఫ్‌సెట్ తప్పదు. మజెంటా 65తో మళ్లీ తీయించాను. ఆర్ట్ కార్డు మీద నీలం నీలంగానే వచ్చింది. బంగారు ఛాయ ఉన్న, ముత్యంలా మెరిసే పెర్ల్ షీటు మీద మాత్రం ఆకుపచ్చగా కొడుతోంది.

ప్లేటురూము:
కొట్టక మానదు. సిరా పలచని పొర, కింది పసుపు పైకి కనిపిస్తుంది. తెల్ల పెర్ల్ షీటు తీసుకోండి. బంగారు షీటే కావాలంటే ముందు తెల్లసిరా పొర వేయించాలి, ఖర్చు పెరుగుతుంది. ఏదైనా సరే, అసలు కాగితం మీద తీసిన నమూనాపై పెళ్లివారి సంతకం పెట్టించుకున్నాకే మొత్తం అచ్చుకు ఇవ్వండి.